సిరా చుక్క పడిన పట్టా

జనక్‌పురి, కొత్త ఢిల్లీ
19 నవంబరు 1978

ప్రియమైన పూర్ణా,

నీ ఉత్తరం మంగళవారం అందింది. జ్వరం తగ్గింది, వంట మాత్రం ఇంకా రాలేదు. మేడమీద ఈ ఒంటి గదిలో చలి అప్పుడే మొదలైంది. కింద ఉండే ఇంటివాళ్లావిడ నువ్వెప్పుడొస్తావని రోజూ అడుగుతుంది. "బహూ కబ్ ఆయేగీ, బేటా?" అంటే పరీక్షలయ్యాక అంటాను. ఏ పరీక్షలో ఆవిడ అడగదు, నాకూ తెలియదు. పెళ్లయి ఏడాదిన్నర అయింది. నేను రెండుసార్లు వచ్చి నాలుగేసి రోజులు ఉండి వెళ్లాను. నిన్ను రమ్మంటే బడికి సెలవు దొరకలేదంటావు, వేసవిలో అడిగితే టీచర్ల ట్రైనింగు ఉందన్నావు. ఆదివారాలు రెండు బస్సులు మారి అశోకా రోడ్డుకు వెళ్లి తెలుగు భోజనం చేసి వస్తున్నాను. అక్కడ వడ్డించే ఆయన "ఇంకాస్త అన్నం పెట్టమంటారా?" అని అడుగుతాడు. వారం మొత్తంలో నాతో తెలుగు మాట్లాడే మనిషి ఆయనొక్కడే.

మొన్న మా యూనివర్సిటీ పరీక్షల విభాగానికి ఒకాయన వచ్చాడు. ఆరు నెలల గుమస్తా పని ఖాళీగా ఉందని తెలిసి దరఖాస్తు తెచ్చాడు. చూస్తే ఎం.ఏ. ఫస్టు క్లాసు, అదీ మా సంస్థలోనే. పాపమనిపించి టీ ఇప్పించాను. "ఈ కాగజ్ చూపిస్తే అందరూ కుర్చీ వేస్తారు భాయ్ సాబ్, నౌకరీ మాత్రం ఎవరూ ఇవ్వరు" అన్నాడు, తన హిందీలో. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు మనవాళ్లు.

మామయ్యగారి ఉత్తరం కూడా వచ్చింది. తెనాలిలో కొత్తగా పెట్టిన కాలేజీలో అర్థశాస్త్రం లెక్చరరు ఉద్యోగం ఉందట. ప్రెసిడెంటుగారు ఆయన స్నేహితుడట. అల్లుడు ఢిల్లీ ఎం.ఏ. అనగానే ఆయన కుర్చీలోంచి లేచాడట. డిసెంబరు ఇరవైలోగా దరఖాస్తు పెట్టాలి కాబట్టి, హాల్లో గోడకున్న నా పట్టాను దించి నకళ్లు తీయించి తానే ఇస్తానని రాశారు.

ఆ ఉద్యోగం వస్తే మనిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. అది తలుచుకుంటే మనసు నిలవడం లేదు. అయినా తొందరపడవద్దని ఆయనకు చెప్పు. ఫ్రేము అసలు విప్పవద్దను, తేమ తగిలితే సిరా చెదురుతుంది.

ఉత్తరం పది నిమిషాల్లో అయిపోయింది. ఇక కవరు మీద నీ పేరు రాయాలి. దానికి మాత్రం నాకు పావుగంట పడుతుంది. నవ్వకు.

నీ
రంగనాథ్

జనక్‌పురి
3 డిసెంబరు 1978

పూర్ణా,

ఇది చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో.

నేను ఎం.ఏ. కాదు. బి.ఏ. కూడా కాదు. పి.యు.సి. రెండుసార్లు తప్పాను. మా సంస్థలో నేను ఆఫీసరును కాదు, పట్టాల మీద పేర్లు రాసేవాణ్ణి. మిగతా అంతా అచ్చులో ఉన్నా పేరూ, శ్రేణీ, సంవత్సరమూ చేత్తోనే రాయాలని ఇక్కడి ఆనవాయితీ. స్నాతకోత్సవానికి ముందు మూడు నెలలు కిటికీ పక్కన కూర్చుని, వెడల్పు పాళీని నల్లసిరాలో ముంచి రోజుకు నలభై పేర్లు రాస్తాను. చిన్నప్పుడు మా ఊళ్లో షాపుల బోర్డులు రాసే ఆయన వెనక తిరిగి నేర్చుకున్న విద్య ఇది. ఎనిమిదేళ్లుగా ఎంతమందిని పట్టభద్రుల్ని చేశానో లెక్కలేదు. తడి ఆరేదాకా ఒక్కో పేరునూ చూస్తూ కూర్చుంటాను. ఈ పేరుగల మనిషి ఇక జన్మంతా తలెత్తుకు తిరుగుతాడు కదా అనుకుంటాను. తర్వాత పాళీ తుడుచుకుని, క్యాంటీనులో ఒక్కణ్ణే టీ తాగి బస్సెక్కుతాను.

పెళ్లిచూపుల్లో, సంబంధం కుదిర్చిన అనంతరామయ్యగారు "అబ్బాయి అక్కడే ఎం.ఏ. చేశాడు, అక్కడే ఆఫీసరు" అన్నారు. ఆయన అలా అంటారని నాకు ముందు తెలియదు. అన్నాక మాత్రం కుక్కిన పేనులా కూర్చున్నాను. నువ్వు తలుపు పక్కన నిలబడి ఉన్నావు. కాదంటే నిన్ను మళ్లీ చూడలేనేమోనని భయపడ్డాను. వారం తిరక్కుండానే మామయ్యగారు "పట్టా ఒకసారి పంపండి బాబూ, మావాళ్లకు చూపించాలి" అని రాశారు.

ఇక్కడ పట్టాల కింద సంతకాలు ముందే చేయించి ఉంచుతారు. రాయడంలో తప్పు వచ్చినా, సిరా ఒలికినా ఆ కాగితాన్ని పాడైనవాటి రిజిస్టరులో ఎక్కించి కాల్చేయాలి. ఆ వారంలో ఒక ఖాళీ పట్టా మూల మీద సిరా చుక్క పడింది. కావాలని వేయలేదు, నమ్ము. రిజిస్టరులో "కాల్చడమైనది" అని రాసి, కాగితాన్ని సంచీలో పెట్టుకుని గదికి తెచ్చాను. నా పేరు రాయడానికి గంట పట్టింది. అంత బాగా నేను ఎవరి పేరూ రాయలేదు. రాసి, చూసుకుని, ఏడ్చాను. చుక్క కనపడకుండా ఫ్రేము కట్టించి మీ ఇంటికి పంపాను. విప్పవద్దన్నది అందుకే. తేమ సంగతి ఉత్తదే.

ఇప్పుడు నోరు మూసుకుంటే ఆ ఉద్యోగం వస్తుందేమో. సాయంత్రం నువ్వు బడి నుంచి వచ్చేసరికి నేను ఇంట్లో ఉంటానేమో. రెండు వారాలుగా ఈ ఆలోచనతోనే అన్నం తిన్నాను. కానీ గోడ మీద ఉన్నంతవరకు ఆ పట్టా మామయ్యగారి ముచ్చట, కాలేజీ గడప తొక్కితే నేరం. రేపు ఎవరికో దక్కవలసిన ఉద్యోగం అది. ఆ టీ తాగి వెళ్లిన ఆయన ముఖం నా కళ్లముందు నుంచి పోవడం లేదు. అతని పట్టా నిజం, అతనికి పని లేదు. నాది అబద్ధం, నాకోసం ప్రెసిడెంటులు కుర్చీలోంచి లేస్తున్నారు.

ఆ కాగితాన్ని బయటికి పోనివ్వకు. మామయ్యగారికి ఏం చెప్పాలో నీ ఇష్టం. నాతో కాపురం వద్దన్నా కాదనే ముఖం నాకు లేదు. నీ జవాబు వచ్చేదాకా ఎలా ఉండాలో మాత్రం తెలియడం లేదు.

రంగనాథ్

తెనాలి
13 డిసెంబరు 1978

ఏమండీ,

నమస్కారాలు. మీరు వారం వారం ఉత్తరం రాశారు. నేను ఎదురుచూసిన ఉత్తరం మాత్రం ఇన్నాళ్లకు వచ్చింది.

నేను నలభై మంది పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతాను. అట్ట చిరిగి పేరు లేకపోయినా ఏ రాత ఎవరిదో చెప్పగలను. పెళ్లయ్యాక మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజున మా పోస్టుమాను కవరును ఎత్తి చూపించి "అమ్మాయిగారూ, మీ పేరు అచ్చేసినట్టుందండీ" అన్నాడు. ఆ కవరు పట్టుకుని హాల్లోకి వచ్చాను. గోడ మీది పట్టాలోనూ అదే రాత. అదే ఇంగ్లీషు ఆర్ అక్షరం, అలాగే కాలు చాపుకుని కూర్చుంది. పట్టా పుచ్చుకునేవాళ్లు దాని మీద తమ పేరు తామే రాసుకోరని ఆమాత్రం నాకు తెలుసు. ఇలాంటి పని చేసేవాళ్లు కనీసం రాతైనా మారుస్తారు. మీకు అదీ చేతకాలేదు.

బడికి సెలవు దొరకలేదన్నది అబద్ధం. వేసవిలో ఏ ట్రైనింగూ లేదు. పట్టా సంగతి మీరుగా చెప్పేదాకా మీ గదిలో అడుగు పెట్టకూడదనుకున్నాను. మీరు ఒక్కరే భోజనం చేసి వచ్చారని చదివిన ప్రతిసారీ పెట్టె సర్దుకునేదాన్ని, మళ్లీ విప్పేదాన్ని. నాకూ ఇక్కడ ఏమంత బాగాలేదు. కోపం ఇంకా పోలేదు, పోయిందని రాయను.

నేను బి.ఏ. అని మీకు తెలుసు. ఆ పట్టా ఎక్కడుందో మీరెప్పుడూ అడగలేదు. బడిలో చెప్పుకుంటూ ప్రైవేటుగా చదివి, గుంటూరు వెళ్లి పరీక్షలు రాశాను. పట్టా పోస్టులో వచ్చిన రోజున నాన్న "మంచిదమ్మా, జాగ్రత్తగా దాచుకో" అన్నారు. నాలుగేళ్లుగా అది నా పెట్టెలో పట్టుచీరల అడుగున ఉంది. మీది వచ్చిన రోజే గోడకెక్కింది. వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించాకే కాఫీ.

మీ ఉత్తరం అందిన మధ్యాహ్నం ఫ్రేము దించి, మీ కాగితం తీసేసి నాది పెట్టాను. కొలత కాస్త చిన్నదైతే చుట్టూ అట్టముక్కలు అమర్చాను. నిన్న నాన్న ప్రెసిడెంటుగారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఫ్రేము దించి ఆయన చేతిలో పెట్టబోతూ, కళ్లజోడు సర్దుకుని చదివారు.

"ఇది నీది కదమ్మా?" అన్నారు.

"అవును నాన్నా. మనింట్లో ఉన్న డిగ్రీ ఇదొక్కటే" అన్నాను.

ప్రెసిడెంటుగారు కాఫీ తాగి వెళ్లిపోయారు. తర్వాత నాన్న "మరి అల్లుడిది?" అని అడిగారు. ఆయనే చెబుతారు, నేను చెప్పనన్నాను. నాన్న భోజనానికి లేవలేదు. పొద్దున నేను బడికి బయలుదేరుతూ చూస్తే, ఫ్రేము మళ్లీ అదే మేకుకు తగిలించి ఉంది. గాజు తుడిచినట్టున్నారు.

క్రిస్మస్ సెలవులకు వస్తున్నాను. బెజవాడలో జి.టి. ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాను, ఇరవై నాలుగున స్టేషనుకు రండి. మీ కాగితం నా పెట్టెలో ఉంది. కాల్చడమైనదని రిజిస్టరులో రాశారు కదా, ఆ మాట నిజం చేద్దాం. వంట రాకపోయినా టీ కాచుకుంటారు కాబట్టి అగ్గిపెట్టె ఉంటుందనుకుంటాను. అది కాలాక మీరు కూర్చుని నాన్నకు అంతా రాయాలి. ఆయన క్షమిస్తారో లేదో నాకూ తెలియదు.

సెలవులు తొమ్మిది రోజులే. నేను తిరిగి వచ్చాక మీ ఉత్తరాలు ఎప్పటిలాగే రానివ్వండి. కవరు మీద నా పేరు ఆ వెడల్పు పాళీతోనే రాయండి. ఈసారి పేరు పక్కన బి.ఏ. అని కూడా రాయండి, మా పోస్టుమాను పైకి చదువుతాడు.

ఇట్లు
అన్నపూర్ణేశ్వరి