చారు పోసి ఆర్పిన నెగడు

చిరంజీవి గౌతమికి,

అవ్వ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, పాలిచ్చే ఎనుము, నువ్వు పెరట్లో పాతించిన సోలారు దీపాలు కుశలం. బెంగళూరులో నువ్వూ నీ ల్యాప్‌టాపూ కుశలమని తలుస్తాను. నా మాట మన్నించి ఉత్తరమే రాసినందుకు సంతోషం. నీ చేతిరాత మాత్రం ఏడో తరగతిలోనే ఆగిపోయింది. ఫోన్‌లో చెప్పమంటావు గానీ ఫోన్‌లో నువ్వు మధ్యలో నవ్వుతావు. ఈ సంగతికి మధ్యలో నవ్వితే మిగతాది నేను చెప్పను.

మన ఒప్పందం మరిచిపోలేదు. ఉద్యోగం మానేసి, మన ఇంటిని పట్నం వాళ్లు వచ్చి రెండు రోజులు ఉండి వెళ్లే విడిదిగా మారుస్తానన్నావు. మొదటి అతిథులు వెళ్లాక నేను వద్దంటే నువ్వు మళ్లీ ఆఫీసులో చేరాలి, సరేనంటే నడపాలి. నా తీర్పు కోసం గోళ్లు కొరుక్కుంటున్నావని తెలుసు. ఇంకాస్త కొరుకు. ముందు నీ ప్రశ్నలకు జవాబులు.

ఆనంద్, చంద్రిక దంపతులు నీ వెబ్‌సైట్‌లో పెట్టిన అభిప్రాయాన్ని పూర్తిగా రాసి పంపావు. "మమ్మల్ని చూడగానే ఊరంతా నీళ్ల బిందెలతో పరుగెత్తుకొచ్చింది. నెగడులో చారు పోసే ప్రాచీన సంప్రదాయం చూసి ఒళ్లు పులకరించింది. అయిదు నక్షత్రాలు." ఇంత స్వాగతం ఎలా ఏర్పాటు చేశావు, వచ్చే ప్రతి జంటకూ చేయగలవా, చారు పోయడంలో అంతరార్థం ఏమిటి అని అడిగావు. అంతరార్థం ఏమీ లేదు. వడ్డనలో ఉన్న నాగేశ్వర చేతికి ముందుగా అందిన బకెట్ అది.

శ్రావణం సగం దాటినా చినుకు లేదు. పేరుకు వానాకాలం, ఎండ మాత్రం వేసవిదే. వేరుశనగకు ఊడలు దిగే సమయానికి నేల పెంకులా ఉంది. దాంతో ఊరు విడవాలని ఊరిపెద్ద ఈశ్వరప్ప చాటింపు వేయించాడు. నీకు తెలియదు, నువ్వు పుట్టాక ఇదే మొదటిసారి. పొద్దు పొడవకముందే ఊరంతా ఇళ్లు వదిలి చింతతోపులోకి పోవాలి. వంటావార్పూ అక్కడే. పొద్దుగూకే దాకా ఊళ్లో నిప్పు రాజకూడదు, పొగ లేవకూడదు. వీధి మొదట్లో తుమ్మకంప అడ్డం వేస్తారు. ఊరు అలా చల్లారితే మేఘం కరుగుతుందని నమ్మకం. ముప్పై ఏళ్లు పిల్లలకు నీటి ఆవిరి పాఠం చెప్పిన నేను కూడా నెత్తిన గిన్నెల బుట్ట పెట్టుకుని వెళ్లాను. రానంటే పక్కింటి చిన్నక్క నోట్లో ఏడాది పాటు నానాలి.

"జనసమ్మర్దం లేని ప్రశాంతమైన పల్లె" అని నువ్వు ప్రకటన ఇచ్చావు కదా, అది అక్షరాలా నిజమైన రోజు అదొక్కటే. కుక్కలు కూడా మా వెంటే వచ్చేశాయి.

నీ అతిథులు వచ్చేదీ ఆ ఆదివారమే. దీపాలు పెట్టాకే రమ్మని ముందురోజు ఫోన్ చేశాను. ఎందుకో చెప్పలేదు. మన ఊరు వాళ్ల కంటికి మూఢనమ్మకాల పుట్టలా కనిపించకూడదని నా గొప్ప. రోడ్డు ఖాళీగా ఉందని వాళ్లు మధ్యాహ్నానికే దిగారు. తుమ్మకంపను జాగ్రత్తగా పక్కకు జరిపి, కారు లోపలికి తెచ్చి, మళ్లీ యథాస్థానంలో పెట్టారట. "మీ ఊరి గేటు ఎంత సహజంగా ఉందో" అని తర్వాత చంద్రిక మెచ్చుకుంది. తాళంచెవి రోటి కింద ఉంటుందని నువ్వు రాసి పంపావు. నెగడుకు కట్టెలు పెరట్లో పేర్చి ఉంటాయనీ నువ్వే రాశావు. ఇంకేం కావాలి? మాడు పగిలే ఎండలో, మొక్కజొన్న కంకులు కాల్చుకోవడానికి, నా పెరట్లో నెగడు వేశారు.

తోపులో మాకు వడ్డన మొదలైంది. షామియానా కట్టిన జిలాన్ బాషా నిచ్చెన మీద నుంచే కేక పెట్టాడు.

"యప్పా! ఊర్లో పొగ లేస్తాండాది!"

మూడు వందల మంది ఒకేసారి తల తిప్పారు. ఈశ్వరప్ప చేతిలో ముద్ద జారిపోయింది.

"ఎవురిదప్పా ఆ ఇల్లు? యా ఇంట్లో పొయ్యి ఆర్పకుండా వచ్చినారు?"

"టీచరమ్మ ఇంటికాడనే ఉండాది," అన్నాడు బాషా.

"నాకూ కండ్లుండాయిలే బాషా, నువ్వు కిందికి దిగు," అన్నాను.

తర్వాత జరిగిన దాన్నే చంద్రిక స్వాగతం అనుకుంది. బిందెలు, చెంబులు, ఆఖరికి పాలక్యానుతో సహా ఊరంతా పరుగు. ఈశ్వరప్ప మాత్రం పొద్దుగూకక ముందు చాటింపు వేయించిన తానే కంప దాటకూడదని అక్కడే నిలబడిపోయి, "పోండ్రా! నేను రాకూడదు, మీరు పోండి!" అని అరుస్తున్నాడు. అందరికంటే ముందు నాగేశ్వర చేరాడు. నిప్పుల మీద చారు పడింది. వీధంతా పోపు వాసన.

చంద్రిక చేతులు జోడించి కంటతడి పెట్టింది. కాలిన కంకులు ఒక్కొక్కరికీ పంచింది. పోట్లాటకు వచ్చిన వాళ్లు చేతిలో కంకి పట్టుకుని ఏం తిట్టాలో తెలియక నిలబడ్డారు. చంద్రిక కంప దాకా నడిచి వెళ్లి ఈశ్వరప్ప కాళ్లకు దండం పెట్టింది. ఆయన అప్పటిదాకా నమిలి పెట్టుకున్న తిట్లన్నీ మింగి, "సల్లగుండు తల్లీ. భోంచేసినారా?" అన్నాడు. ఇద్దరినీ తోపుకు తీసుకుపోయి మా మధ్యనే విస్తరి వేశారు. చారు మాత్రం లేదు.

బాత్‌రూమ్ కొళాయి బాగుచేయించానా అని అడిగావు. చేయించలేదు, చేయించను కూడా. కారణం ఇప్పుడు తెలుస్తుంది.

నీ చివరి ప్రశ్నకు వస్తున్నాను. చంద్రిక తీసిన ఫొటోను నీ పేజీ మొదట్లో పెట్టుకున్నావు. వెనక నుంచి తీసింది. ఒక ఆడమనిషి నిలువునా తడిసిపోయి, భుజం మీద వేపమండలు కట్టిన రోకలి మోస్తూ నడుస్తోంది. "ఎంత హుందాగా ఉందో అవ్వా! ఎవరామె? కనుక్కుని అనుమతి అడుగు" అని రాశావు.

ఆ సాయంత్రం తోపులో పంచాయితీ జరిగింది. ఊరు చల్లారలేదు కాబట్టి వచ్చే ఆదివారం మళ్లీ విడవాలన్నాడు ఈశ్వరప్ప. ఆ గిన్నెలు మళ్లీ మేం మోయమన్నారు ఆడవాళ్లు. అప్పుడు చిన్నక్క నోరు విప్పింది.

"నిప్పు ఎవురింట్లో లేసిందో ఆ ఇంటామె కప్పను మోస్తే సరిపోతాది. అది శాస్త్రం."

"ఏ శాస్త్రంలో ఉండాది?" అన్నాను.

"మా అత్త చెప్పిన శాస్త్రం."

ఇన్నేళ్లుగా వాన కోసం రోకలికి కప్పను కట్టి ఊరేగించడం చూసి నవ్విన దాన్ని నేను. ఈ కరువులో కప్ప ఎక్కడ దొరుకుతుందిలే అని ధైర్యంగా సరేనన్నాను. దొరికింది. ఊరు మొత్తం మీద తడి ఉన్న చోటు నీ అతిథుల బాత్‌రూమ్ ఒక్కటే. కారుతున్న కొళాయి కింద, బకెట్ వెనక, దర్జాగా కాపురం ఉంది.

మర్నాడే మోశాను గౌతమీ. ప్రతి గడప ముందూ ఆగాలి, ఇంటివాళ్లు కప్ప మీదా మోసే మనిషి మీదా బిందెడు నీళ్లు పోయాలి. లెక్క తప్పినందుకు నేను గుంజీలు తీయించిన వాళ్లందరూ ఆ రోజు రెండేసి బిందెలు పోశారు. "ఏమనుకోవద్దు టీచరమ్మా" అంటూనే పోశారు. నాగేశ్వర మూడు పోశాడు. నాలుగో వీధికి వచ్చేసరికి నాకూ నవ్వు ఆగలేదు. ఫొటోలో హుందాగా కదులుతున్నట్టు కనిపించే ఆ భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి. వెనక నుంచి తీయబట్టి బతికిపోయాను.

బుధవారం రాత్రి వాన పడింది. తెల్లారేసరికి సాళ్లలో నీళ్లు నిలిచాయి, చేను తేరుకుంది. అల్పపీడనం ఉందని రేడియోలో ముందే చెప్పారని ఈశ్వరప్పకు వివరించాను. ఆయన మర్యాదగా చివరిదాకా విని, "ఆ అల్పపీడనం ఎవురు మోస్తే వచ్చినాదమ్మా?" అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ బెంగుళూరోళ్లు మళ్లా ఎప్పుడొస్తారు?" అని అడిగాడు.

కాబట్టి నా తీర్పు: నడుపు. తాళంచెవి రోటి కింద వద్దు, బాషా దగ్గర ఉంటుంది. కట్టెలు నా గదిలో ఉంటాయి, నెగడు ఎప్పుడు వేయాలో నేను చెబుతాను. కొళాయి కారుతూనే ఉంటుంది, కప్పను దాని చోట వదిలేశాను. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ బాత్‌రూమ్‌లో మీకంటే పాత అతిథి ఉందని రాయి.

ఆ ఫొటోలోని మనిషిని కనుక్కుని అనుమతి అడగమన్నావు. అడిగాను. ఆమె కాసేపు బెట్టు చేసి, సరేనంది.

ఇట్లు,
నీ పేజీ మొదట్లో వీపు చూపించి నడుస్తున్న
మీ అవ్వ,
రామాంజినమ్మ