ఫైర్‌ప్లేస్‌కి గడప

బాతెల్, సోమవారం

రాధారాణి ఆంటీ గారికి లెవి నమస్కరించి రాసేది ఏమంటే,

మీ ల్యాబ్‌లోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. నేను పనికొచ్చేసరికి మీరు ల్యాబ్‌లో ఉంటారు, మీరు సాయంత్రం కొత్త ఇల్లు చూసుకోడానికి వచ్చేసరికి నేను బస్సులో ఉంటాను. అందుకని ఈ కాగితం ఫైర్‌ప్లేస్ పై అర మీద పెడుతున్నాను. చుట్టూ మూడు వైపులా అంచులకి చెక్క పట్టీలు, అదే ట్రిమ్, బిగించాను. తెల్ల రంగు ఇంకా తడిగా ఉంది. ముట్టుకోవద్దు.

శనివారం మీ గృహప్రవేశానికి మీ అన్నయ్య లక్ష్మీపతి గారు వస్తున్నారు. ఆయన కట్టే ఇళ్ళల్లో ట్రిమ్ పని నాకిస్తారో లేదో ఇది చూసే తేలుస్తానన్నారు. ఇవ్వకపోతే మళ్ళీ మా బాబాయి గ్యాస్ స్టేషన్‌లో నిలబడి లాటరీ టికెట్లు అమ్మాలి. ఈ పని నాకెవరూ నేర్పలేదు. వీడియోలు చూసి, బోలెడు చెక్క తగలేసి నేర్చుకున్నాను.

మీ గోడ క్షేమం కోరే,
లెవి

తా.క.: పై మూలల్లో అతుకు ఎక్కడుందో వెతకండి. దొరకదు. కళ్ళతోనే వెతకండి, వేళ్ళతో కాదు.

*

సోమవారం సాయంత్రం

చిరంజీవి లెవికి ఆంటీ ఆశీస్సులు.

ముచ్చటగా ఉంది నాయనా. కొత్త చెక్కని బోసిగా ఉంచకూడదని పసుపు రాసి బొట్లు పెట్టాను. మరి కింద నాలుగో ముక్క ఏది? గడప లేని ద్వారబంధం ఎక్కడన్నా ఉంటుందా? హడావుడిలో మర్చిపోయి ఉంటావు.

ఇట్లు, నీ మంచి కోరే
రాధారాణి

తా.క.: తడిగా ఉందన్నావు కదా, పసుపు బాగా పట్టింది.

*

మంగళవారం

ఆంటీ గారికి, ఓపిక ఉన్నంత మేరకు నమస్కారాలు.

పొద్దున తలుపు తీసి ఆ పసుపు చూశాను. గీకాను. రుద్దాను. మళ్ళీ రంగు వేశాను. ఇది ద్వారబంధం కాదండీ, ఫైర్‌ప్లేస్. దీనికి గడప ఉండదు. మంట ముందర చెక్క పెడితే ఇల్లు అంటుకుంటుంది. లక్ష్మీదేవి రావడానికి వీధి తలుపుంది. చిమ్నీలోంచి వచ్చేది ఒక్క క్రిస్మస్ తాతే, ఆయనకి గడపతో పని లేదు.

దుఃఖంతో,
లెవి

తా.క.: పసుపు పోలేదు. తెల్ల రంగు కింద దాక్కుంది. రేపటికి తేలుతుంది, చూస్తూ ఉండండి.

*

మంగళవారం సాయంత్రం

లెవి బాబుకి,

బొట్లు తుడిచేశావు. మనసుకి కష్టంగా ఉంది. నువ్వు చర్చికెళ్ళే అబ్బాయివని తెలుసు, అందులో నాకేం పట్టింపు లేదు. మీ అమ్మ ప్రిస్సిల్లా ఈస్టర్‌కి కేకు పంపితే ముందు తినేది నేనే. కానీ ఎవరి నమ్మకం వాళ్ళది కదా. బొట్లు మళ్ళీ పెట్టాను. గడప సంగతి చూడు. అన్నయ్య ఏ ఇంటికెళ్ళినా ముందు చూసేది గడపే.

కోపం లేని,
రాధారాణి ఆంటీ

తా.క.: ఈసారి నూనెలో కలిపి రాశాను. అంత తేలిగ్గా పోదు.

*

బుధవారం

ఆంటీ గారికి,

నేను తుడిచింది మతం కోసం కాదు, రంగు కోసం. మా ప్రభువూ వడ్రంగమే చేశాడు. తడి రంగు మీద పసుపు రాసినవాళ్ళని క్షమించమని ఆయన ఎక్కడా చెప్పినట్టు నాకు గుర్తులేదు. నూనె మీద రంగు నిలవదు. పక్క పట్టీలు రెండూ ఊడబీకి కొత్తవి కొట్టాను. పై మూలలు మళ్ళీ మొదటినుంచి కలిపాను.

ఒక్కటి చెప్పండి. చలికాలం ఇందులో మంట వేస్తారు. నూనె రాసిన చెక్క పక్కన మంట. ఏమవుతుంది?

ఇంకా బతికే ఉన్న,
లెవి

తా.క.: మీ నూనె సీసా గరాజ్‌లో పై షెల్ఫ్‌లో దాచాను. మీకు అందదు.

*

బుధవారం సాయంత్రం

నాయనా లెవీ,

మంట ఎవరు వేస్తారు? అది దేవుడి గది. అద్దింట్లో హారతి ఇచ్చినప్పుడల్లా స్మోక్ అలారం మోగేది, పై అంతస్తువాళ్ళు ఫైరింజన్‌ని పిలిచేవాళ్ళు. ఈ ఇల్లు కొన్నదే చిమ్నీ చూసి. ధూపం తిన్నగా పైకి పోతుంది. లోపల దేవుళ్ళు కూర్చుంటారు. అందుకే గడప. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

ఆశీస్సులతో,
రాధారాణి ఆంటీ

తా.క.: ఫ్రిజ్‌లో మజ్జిగ పెట్టాను. తాగు, కోపం తగ్గుతుంది. నూనె సీసా స్టూలు వేసుకుని తీసుకున్నాను.

*

గురువారం

ఆంటీ గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిరోజే చెప్పి ఉంటే నా జుట్టు కొంత మిగిలేది.

గడప వేశాను. కొత్త చెక్క లేదు. రంగు డబ్బాలు, కాఫీ కప్పులు పెట్టుకున్న పాత పలకనే కోసి, కసితీరా స్క్రూలు బిగించాను. దాని మీద కాఫీ మరకలున్నాయి. వాటి మీద ఎంత పసుపైనా పూసుకోండి. లక్ష్మీపతి గారికి మాత్రం అది చూపించకండి. పై మూలలు చూపించండి. నా బతుకంతా ఆ రెండు మూలల్లో ఉంది.

మీ చేతుల్లో ఉన్న,
లెవి

తా.క.: మజ్జిగ తాగాను. కోపం అలాగే ఉంది.

*

ఆదివారం

చిరంజీవి లెవికి,

పనిముట్ల పెట్టె కోసం వస్తావని ఇది గరాజ్ తలుపుకి అంటిస్తున్నాను. గృహప్రవేశం దివ్యంగా జరిగింది. ఇండక్షన్ స్టవ్ లోపల పెట్టి పాలు అక్కడే పొంగించాం. కుడివైపు చెక్క పాలు పీల్చుకుని ఉబ్బింది. శుభమే అన్నారు పంతులుగారు.

పై మూలలకి తోరణం, బంతిపూలు కట్టాం. ఊడకుండా మా అబ్బాయి రాకేష్ మేకులు కొట్టాడు. అతుకు నిజంగానే కనబడలేదురా. మేకు సరిగ్గా అందులోనే దిగింది.

అన్నయ్యకి నువ్వు చెప్పినట్టే పైకి చూపించాను. ఆయన కిందికే చూశాడు. వంగి దణ్ణం పెట్టి, "ఈ గడప ఎవరే వేసింది? నా దగ్గర ఇళ్ళు కొన్న మనవాళ్ళంతా ఫైర్‌ప్లేస్‌లో దేవుణ్ణి పెట్టి, గడప ఏదని నా ప్రాణం తీస్తున్నారు. ఇక్కడి వడ్రంగులకి చెబితే నవ్వుతున్నారు" అన్నాడు. రేపట్నుంచి నిన్ను పనిలోకి రమ్మన్నాడు. ట్రిమ్‌కి ఆయనకి వేరే మనుషులున్నారట. నీకు గడపలు. గడపలు మాత్రమే.

నీకు దారి దొరికిందని సంతోషిస్తూ,
రాధారాణి ఆంటీ

తా.క.: అన్ని ఇళ్ళల్లోనూ అచ్చం అలాంటిదే కావాలట. ఆ మరకల వల్ల పాతకాలపు టేకులా ఉందన్నాడు. పెట్టె పక్కన ఫ్లాస్క్‌లో కాఫీ పోసి ఉంచాను. తాగడానికి కాదు.