పటం వెనక పేరు

బాగేపల్లి
14-9-1957

ప్రేమగల అన్నకు,

నాలుగు దినాలుగా జడివాన. చెనిక్కాయ చేనిలో కలుపు నిలిచిపోయింది. ఇంట్లోనే ఉండి, పెద్దల అమావాస్యకని మా మామ వాళ్ల తాత పటం దించి తుడిచినాను. రంగులతో రాసిన పాత పటం. అరవై ఏండ్లయినా కండ్లు మనల్నే చూస్తాండేటట్టు ఉండాది. "రాసినోని చేతికి మొక్కాల" అంటాడు మామ.

వెనక పలక మీద ఇట్లుండాది: "మురుగమల్ల చిత్తారి పిళ్ళప్ప కొడుకు కొండప్ప రాసినది." మన ముత్తాత, తాత పేర్లే కదా? తాత పెట్టెలో రంగంటిన ఆల్చిప్పలతో మనం ఆడుకుంటిమి. సున్నం చిప్పలని అమ్మ చెప్పేది. నిజమైతే మామకు చెప్తాను. ఎంత సంబరపడతాడో!

నీ చెల్లెలు
చౌడమ్మ

మండికల్
20-9-1957

చెల్లెలు చౌడమ్మకు ఆశీర్వాదాలు.

నిజమే. మనది పటాలు రాసే చిత్తారి కులమే. నోరు మూసుకో. తాత కుంచె పారేసి ఈ ఊరికొచ్చి, భూమి కొని, కాపోళ్లమని చెప్పుకున్నాడు. ఆ పటం రాసిన దినాల్లో ఆయనకు కూడు మీ ఇంటి పశువుల కొట్టంలోనే పెట్టుంటారు. ఆ రాత గీకెయ్. మా జలజకు చింతామణి సంబంధం కుదిరింది. కార్తీకంలో పెండ్లి.

అన్న
చెన్నరాయప్ప

బాగేపల్లి
27-9-1957

ప్రేమగల అన్నకు,

నీ జాబు పండగైనాక చేరింది. అమావాస్య నాడు అందరూ తింటాంటే చెప్పేసినాను. మామ ముద్ద వదిలి లేచి చేయి కడిగినాడు. "ఏడేండ్లు నీ చేతి కూడు తింటిమే!" అన్నాడు. అత్త వంట కుండలన్నీ బయటేసి పగలగొట్టింది. నా కూడు తట్ట పశువుల కొట్టంలో పెట్టినారు. మా ఇంటాయన నా మొగం చూడడు. పటం మాత్రం గోడ మీదే ఉండాది. దినమూ పూలు మారుస్తాండారు.

"మీ అన్ననే అడుగుతాను. ఆయన కాదంటే ఉందువు" అన్నాడు మామ. వచ్చే వారం వస్తాడు. కాదని ఒక్క మాట చెప్పన్నా.

నీ చెల్లెలు
చౌడమ్మ

మండికల్
10-10-1957

చౌడమ్మకు,

మీ మామ ఆదివారం వచ్చినాడు. కాఫీ ముట్టలేదు. నేను కాదన్నా మురుగమల్లలో విచారిస్తానన్నాడు. విచారిస్తే జలజ పెండ్లి నిలుస్తుంది. అందుకని, నువ్వు మా ఇంట పుట్టలేదని, ఆ చిత్తారోళ్ల బిడ్డవని, దిక్కులేకుంటే మా అమ్మ పెంచిందని కర్పూరం ఆర్పి ప్రమాణం చేసినాను. నమ్మినాడు. కాఫీ తాగినాడు.

మంగళవారం నువ్వు వచ్చినప్పుడు నేను ఊర్లో లేనని మీ వదిన చెప్పింది. లోపలే ఉంటిని. జలజ నీకు నీళ్లు తెస్తాంటే నేనే ఆపినాను. ఇంకెక్కడికి పోతావని, ఈ జాబు మురుగమల్లకే రాస్తాండాను. జవాబు రాయొద్దు.

మూట పక్కన పెట్టుకొని అరుగు మీద గంటసేపు కూచున్నావు. పదకొండు గంటల చింతామణి బస్సుకు పోతివి.

చెన్నరాయప్ప