ఆమెకు దిగులు, నాకు ఎక్స్‌రే

6 ఫిబ్రవరి 1981
నా భార్య సమ్మమ్మ పోయి రెండు నెలలు. నాకు అన్నం సయించడం లేదు. నిద్ర లేదు. చొక్కాలు వదులయ్యాయి. క్లాసు మధ్యలో కుర్చీలో కూలబడుతున్నాను.

8 ఫిబ్రవరి
బావమరిది మొగిలి రఘునాథపల్లి నుంచి వచ్చాడు. నిద్రకు తీసుకుపోతాడట. "ఒక్క రాత్రి మా ఇంట్ల పండు బావా. ఇంత కూర తింటే మనసు మళ్లుతది" అన్నాడు. రానన్నాను.

చావు జరిగిన ఇంటివాళ్లు ఇంకొకరింట్లో పడుకుంటే దిగులు పోతుందని వీళ్ల నమ్మకం. పోయినేడు తల్లి చనిపోయాక సమ్మమ్మనూ ఇలాగే తిప్పారు. అన్న ఇల్లు, చిన్నమ్మ ఇల్లు, డోర్నకల్‌లో మేనత్త ఇల్లు. ఎక్కడా రెండు ముద్దలకు మించి తినలేదు. "అవ్వ మీద బెంగ ఇంక తీరలే" అని మరో ఇంటికి పంపారు.

వాళ్లు చదువుకోలేదు. మట్టెవాడ డాక్టర్ కిషన్ రావు చదువుకున్నాడు. పోయిన జూన్‌లో ఆమెను తీసుకుపోతే, ఇంట్లో ఎవరైనా పోయారా అని ఒక్క ప్రశ్న అడిగి డిప్రెషన్ అన్నాడు. పొట్ట మీద చెయ్యి వేయలేదు. "కడుపుల పొడుస్తాంది సారూ" అని ఆమె చెప్తే, "ఫికర్ చెయ్యకమ్మా, నిద్రలకు తిప్పుతాండ్రు కద, మంచిదే" అన్నాడు. మాత్రలు రాశాడు. హైదరాబాద్‌లో పొట్ట కోసి, చూసి, మళ్లీ కుట్టేసేదాకా అవే మాత్రలు. క్యాన్సర్.

10 ఫిబ్రవరి
అదే డాక్టర్ దగ్గరికి వెళ్లాను. కావాలనే.

ఆమె చెప్పినవే చెప్పాను. ఆకలి లేదు, నిద్ర లేదు, చిక్కిపోయాను. నా ఇంట్లో ఎవరు పోయారో ఆయనకు తెలుసు. అయినా బల్ల మీద పడుకోబెట్టి పొట్టంతా నొక్కి చూశాడు. "లెక్చరర్ సాబ్, ఈ వయసుల రిస్క్ వద్దు. బేరియం ఎక్స్‌రే తీపిద్దాం" అన్నాడు.

ఆమె నాకన్నా చిన్నది.

11 ఫిబ్రవరి
సుద్దనీళ్లలాంటి మందు తాగించి ఫిల్ములు తీశారు. ఇంతే. మధ్యాహ్నం క్లాసుకు అందుకున్నాను కూడా.

14 ఫిబ్రవరి
రిపోర్టు నార్మల్. "క్యాన్సర్ గీన్సర్ ఏం లేదు సార్, ఉత్త దిగులే" అని నవ్వాడు.

సమ్మమ్మకు ఎందుకు తీయించలేదని అడిగాను.

నవ్వు ఆగింది. "తల్లి పోయిందన్నరు కద సార్. ఆడమనిషి. దిగులే అనుకున్న."

నాకూ భార్య పోయింది కదా అన్నాను. పెన్నుకు మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. చివరికి మాత్రలు రాశాడు. ఆమెకిచ్చినవే. చీటీ అక్కడే వదిలి వచ్చాను.

15 ఫిబ్రవరి
ఎక్స్‌రే కవరు మీద నా పేరు కొట్టేశాను. సమ్మమ్మ, స్త్రీ, 38 అని రాశాను. తేదీ జూన్ 1980 వేశాను.