ఐదో అడుగు

చెల్లాయ్,

అచ్చుకి పంపేముందు ఒకసారి చదవమన్న నీ కథ అందింది. పొద్దున్న ఎలుగుబంటికి తిండి పెట్టేసి, జూలో కంచె పక్కనే బకెట్ బోర్లించుకుని కూర్చుని చదివాను.

ఇంట్లోవాళ్లు గదిలో పెట్టి తాళం వేసిన ఆడమనిషి ఐదడుగులు వేసి వెనక్కి తిరుగుతుందని రాశావు. మా ఎలుగూ అంతే. ఇరవై ఏళ్లు ఇరుకు బోనులో ఉంది. పోయిన నెల దాన్ని చెట్లూ నీళ్ల గుంటా ఉన్న పెద్ద ఆవరణలోకి వదిలాం. ఇప్పటికీ ఐదడుగులు వేసి, అడ్డం ఏమీ లేనిచోట ముక్కు పక్కకి తిప్పుకుని వెనక్కి మళ్లుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు నవ్వుతారు.

అందుకే నీ ముగింపు నాకు మింగుడుపడలేదు. తలుపు తియ్యగానే ఆవిడ వీధిలోకి పరుగెత్తిందట! తాతయ్య గదిలో పెట్టి గడియ వేసిన మన మేనత్త పరుగెత్తిందా? తాతయ్య పోయిన రోజు ఆ గడియ తీసింది నేనే.

"రా అత్తా, ఇంక నిన్నెవరూ ఏమీ అనరు" అన్నాను.

గడప దాకా వచ్చి, ఐదో అడుగుకి వెనక్కి తిరిగింది.

"తలుపెయ్యి నాయనా, గాలొస్తోంది" అంది.

అన్నేళ్లూ తలుపు కింద సందులోంచి ఆవిడకి కంచం తోసింది కూడా నేనే. కళ్లలోకి చూడకుండా తిండి పెట్టడం నేను జూలోనే నేర్చుకున్నానని ఇక్కడ అందరూ అనుకుంటారు.

ముగింపు మార్చు. ఇంకొక్కటి. నీకప్పుడు ఆరేళ్లు. ఐదడుగులని నేనెవరికీ చెప్పలేదు. ఆ తలుపుకి చెవి ఆనించి లెక్కపెట్టింది నేనొక్కణ్ణే అనుకున్నాను.

నువ్వెక్కడ నిలబడి విన్నావు?

అన్నయ్య