పళ్ళెం వెనకవైపు

టెహ్రాన్

మామయ్యగారికి, దండాలతోనూ కొంచెం కోపంతోనూ,

మీరు పంపిన ఇత్తడి పళ్ళెం అందింది. సియామక్‌ను పెళ్ళి చేసుకోవడానికి మీ అనుమతి అడిగితే, జవాబుగా పళ్ళెం వచ్చింది. "ఇస్ఫహాన్ బజారులో దొరికింది. ఇత్తడి కొత్తది, నగిషీ మన ఖోస్రోది. వెనక్కి తిరిగి చూసే ఆ పిట్టను వాడు తప్ప ఎవరూ చెక్కరు. ఎక్కడో బతికే ఉన్నాడు, పని చేసుకుంటున్నాడు. తొందరపడకమ్మా" అని రాశారు. యుద్ధానికి వెళ్ళి, అది ముగిసి, బందీలందరూ ఇళ్ళకు చేరాక కూడా రాని నా భర్త! ఆ సాయంత్రమే సియామక్‌కు కుదరదని చెప్పేశాను. పాపం, పోసిన టీ కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పళ్ళెం తిరగేశాను. అలవాటు, ఏం చేయను? ఈ పాతసామాన్ల కొట్లో నాకు జీతమిచ్చేదే ఏది సుత్తిపనో, ఏది అచ్చులో పోసిన పోతపనో చెప్పినందుకు. అది నేర్పింది మీరే. "ముఖం ఎవరైనా కడుక్కుంటారే పిల్లా, ముందు వీపు చూడు" అని కసిరి మరీ నేర్పారు.

వీపు నున్నగా ఉంది మామయ్యగారూ. తారు మీద పరిచి ఉలితో కొట్టిన పళ్ళేనికి ప్రతి దెబ్బా వెనక తేలాలి. ఇక్కడ ఒక్కటీ లేదు. గీతల అంచులు అరిగిన సబ్బుబిళ్ళలా మొద్దుగా ఉన్నాయి. పిట్ట రెక్కలో సూదిమొనంత కన్నాలు, కరిగిన లోహం పోసినప్పుడు బుడగలు వదిలేవి. అయినా మనసొప్పలేదు. ఖోస్రో ఆ నమూనా గీసి, సూదితో చిల్లులు పొడిచి, మసి అద్ది ఇత్తడి మీదికి దించుకున్న కాగితం నా పెట్టెలోనే ఉంది. తీసి పరిచాను. నడిమి పువ్వు సరిగ్గా కూర్చుంది. అంచుకొచ్చేసరికి కాగితం మీది గీత పళ్ళెం మీది గీతను బియ్యపుగింజంత దాటిపోయింది. పోసిన లోహం చల్లారితే కుంచించుకుపోతుందని మీకు నేను చెప్పాలా? ఎవరో ఖోస్రో పాత పళ్ళేన్ని ఇసుకలో అద్ది, ఆ అచ్చులో దీన్ని పోశారు. ఆ పాత పళ్ళెం లోకంలో ఒక్కటే. అది మీ ఇంటి గోడకుంది.

ఎవరని అడగను. అడిగితే మీరు నిజం చెబుతారని భయం. పెళ్ళి వద్దనుకుంటే వద్దని ఒక్క ముక్క రాయాల్సింది, మీ మాట కాదంటానా? మనిషిని బతికించి నా చేతిలో పెట్టారు, మళ్ళీ నా చేతే చంపించారు.

మీ కోడలు
పరివశ్

ఇస్ఫహాన్

పరివశ్ తల్లీ,

నీ ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని మీ మామయ్య అట్లాగే కూర్చుండిపోతే నేను లాక్కుని చదివాను. ఆయన్ని నువ్వు తిట్టకు, ఆ పని నేను చేశాలే.

ఆ పళ్ళెం నీ కోసం పోయించింది కాదమ్మా, నా కోసం. పోయినేడు చలికాలంలో నేను ముద్ద ముట్టడం మానేశాను. ఒకరోజు గోడ మీది పళ్ళెం తుడుస్తుంటే గీతల్లో ఇసుక తగిలింది. ఆ తర్వాత కొద్దిరోజులకే ఈయన బజారు నుంచి కొత్తది పట్టుకొచ్చి, "చూడవే తూబా, వాడు బతికే ఉన్నాడు!" అన్నారు. ఇన్నేళ్ళు ఉలి దెబ్బలు వింటూ వంట చేసినదాన్ని, నాకు తెలీదూ? కానీ ఆ ముఖం చూసి నమ్మినట్టే ఏడ్చాను. ఆ పూట ఇద్దరం కడుపునిండా తిన్నాం. నేను నమ్మానని ఆయన సంతోషం, ఆయన సంతోషించారని నాది. అట్లాగే గడుపుకొచ్చాం. ఈమధ్య పళ్ళెం కనపడకపోతే మెరుగుకిచ్చానన్నారు. నీకు పంపారని నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

"మనం ముసలాళ్ళం, అబద్ధం తిని బతికేస్తాం. ఆ పిల్ల చేత కూడా తినిపిస్తారా?" అన్నాను. అప్పుడు ఆయన, "వాడు లేడు తూబా" అన్నారు. ఆ మాట మా ఇంట్లో ఇంతవరకు ఎవరం పైకి అనలేదు.

నువ్వు సియామక్ దగ్గరికి వెళ్ళు. బతిమాలాల్సి వస్తే బతిమాలు. పెళ్ళికి మేమిద్దరం వస్తాం, నీ పుట్టింటివాళ్ళ వరసలో కూర్చుంటాం.

ఈ పొద్దున పిండి వేయించి, గులాబీనీళ్ళు పోసి హల్వా చేశాను. చావుకి చేసే వంటకమని ఇన్నాళ్ళూ ఆ మూకుడే దించలేదు. అడుగంటకుండా మీ మామయ్యే పక్కన నిలబడి కలిపారు. వాసన వీధిలోకి పోయినట్టుంది, ఎదురింటావిడ గుమ్మంలోకొచ్చి, "ఎవరి పేరు మీద తూబా?" అంది. మీ మామయ్యే ఆవిడ చేతికి గిన్నె అందించి, "మా ఖోస్రో పేరు మీదమ్మా" అన్నారు.

మీ అమ్మ
తూబా