ఉండమన్నాడు

దేవసూగూరు,
సోమవారం

ప్రియమైన తనూజా,

మఠంలో కొత్తగా చేరినవాళ్లకు ఫోను ఇవ్వరట కదా. మంచిదే. ఫోనులో అయితే ఈ మాట నా నోట రాదు.

మా పవర్ స్టేషన్ కాలనీవాళ్లు ఏటా ఆడే పాత నాటకాన్ని ఈసారి సినిమాగా తీస్తున్నారు. ఒకసారి పలకరించి వెళ్లిన మనిషి మళ్లీ వస్తాడని రోజూ ముస్తాబై కూర్చునే ఆడదాని కథ. ఆ మనిషి వేషం సతీశ్‌ది. నాన్న దగ్గర ఫిట్టరు. తెలుగు మాట్లాడతాడు కాని చదవలేడు, ఇక్కడి బడిలో చదివింది కన్నడం. అందుకని అతని మాటలన్నీ కాగితాల మీద రాసుకుని, కెమెరా పక్కన నిలబడి చదివి అందిస్తున్నాను. ప్రతి ప్రేమ మాటా ముందు నేను అంటాను. తర్వాత అతను నన్ను చూస్తూ అంటాడు.

నిన్న మంచినీళ్లకని కదిలాను. "ఏయ్ ఉమా, యాడికి? ఈడనే ఉండు. నువ్వు లేకుంటే నాకు మాటే రాదు" అన్నాడు.

మేకప్ చేసే ఉలిగెమ్మ నవ్వింది. "ఉండవ్వా ఉండు. గిట్ల అడిగేటోడు మళ్ల దొరకడు."

మహబూబ్‌నగర్ కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం వచ్చిందని రాశాను కదా. అమ్మ పోయిన ఈ నాలుగేళ్లూ నాన్న నన్ను కదలనివ్వలేదు. "నువ్వు పోతే ఇంట్ల నాతోని మాట్లాడేటోళ్లెవరు?" అనేవాడు. ఈసారి ఎలాగో ఒప్పుకున్నాడు. ఈ పొద్దున నేనే కాలేజీవాళ్లకు రానని చెప్పేశాను.

సతీశ్ నన్ను ఉండమన్నాడు, తనూజా.

నీ
ఉమారాణి


దేవసూగూరు,
శనివారం

తనూజా,

నిన్న ఆఖరి షాట్ అయిపోయింది. అందరూ సామాను సర్దుతున్నారు. నేను కెమెరా పక్కన నా చోటనే నిలబడి ఉన్నాను. సతీశ్ లైటు స్టాండు ఎత్తుకుని వచ్చాడు.

"జర జరుగమ్మా. ఇంకా ఈడనే ఉన్నవేంది? అయిపాయె గద."

నా చేతిలో కాగితాలు చూసి, "అవి పారెయ్, ఇగ పనిలేదు" అన్నాడు. చెడ్డగా అనలేదు. నవ్వుతూనే అన్నాడు.

గోడచాటుకు వెళ్లి కాలేజీకి ఫోన్ చేశాను. ఆ ఉద్యోగంలో వేరే అమ్మాయి చేరిపోయిందట.

ఇంటికి వస్తే గుమ్మంలో నాన్న, పక్కింటి రంగనాయకమ్మగారికి జిలేబీ పెడుతున్నాడు. "కొలువొచ్చినా పోలేదమ్మా. నాకోసమే ఆగింది నా బిడ్డ" అని, నావైపు తిరిగాడు. "అంతే గద బిడ్డా?"

అమ్మ పోయాక ఆయన ముఖంలో అంత వెలుగు చూడలేదు.

అవునన్నాను.

నీ
ఉమ